చిన్నవైపోయిన అక్షరాలు

నిన్న సాయంత్రం తలుపు తీసీ తీయగానే గ్యాస్ వాసన గుప్పుమంది. వంటగదిలో పొయ్యి పక్కనే స్టూలు వేసుకుని మా నాయన మునగాకు దూస్తున్నాడు. నా కూతుళ్లిద్దరూ, ఏడేళ్ల యాళిని, నాలుగేళ్ల మధు, ఆయన కాళ్ల దగ్గర రాలిన రెబ్బలతో ఆడుకుంటున్నారు. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. పొయ్యి, సిలిండరు కట్టేసి, కిటికీలు తీసి, పిల్లల్ని రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాను. నాయన చేతిలో మునగాకుతోనే నా వెనక వచ్చి, "ఏందిమ్మా, ఏమైంది?" అన్నాడు. నాకు అసలు భయం పుట్టింది అప్పుడే. ఆయన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అడగలేదు. నిజంగానే ఆయనకు తెలియలేదు. యాళిని నా చీర పట్టుకుని, వాసన వస్తోందని తాతకు చెప్పాననీ, ఏమీ లేదు ఆడుకోమన్నాడనీ చెప్పింది. తాత లేదన్నాడు గనక అది నమ్మింది.

మా ఆయన ఇంటికి వచ్చాక సంగతి విని నవ్వేశాడు. మేట్టుపాళయం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పెయింటు డబ్బాల మధ్య పనిచేసిన ముక్కు, ఇంకేం మిగులుతుంది అన్నాడు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే సరిగ్గా అదే నవ్వు పదేళ్ల కిందట నేనూ నవ్వాను. అప్పుడు మేము నవ్వింది వసంత మేడమ్ ముక్కు గురించి.

ఊరికి ఉత్తరాన మా యూనివర్సిటీలో, సముద్రపు గాలికి తలుపుల బందులన్నీ తుప్పు పట్టిన ఒక చిన్న ల్యాబు ఆమెది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం అక్కడ చేరాను. మొదటి వారంలో మొరాయిస్తున్న ఒక మిషనును "ఏంది నీ బాధ" అని తిట్టుకుంటుంటే వెనకనుంచి, "మనోళ్లేనా నువ్వు? యాడ ఇల్లు?" అని వినిపించింది. మా నటేశన్ నగర్‌కు రెండు వీధుల అవతలే ఆమె పుట్టిల్లు. తమిళ ఊళ్లో తమిళంలోనే చదువుకున్న నాకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదని తెలిసి తల కొట్టుకుంది. శాంపిళ్లను గిర్రున తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజు ఒకసారి పెడితే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో నా నోటు పుస్తకం వెనక పేజీల్లో అక్షరాలు రాసిచ్చి దిద్దమనేది. అలా ఒక ఏడాదిన్నరలో తెలుగు రాయడం నేర్చుకున్నాను. మా నాయనకు తమిళం తప్ప చదవడం రాదు. అందుకే ఈ కోపమంతా ధైర్యంగా ఇక్కడ రాయగలుగుతున్నాను.

మేడమ్ పని కైనేజులనే ఎంజైముల మీద. కణానికి బయటినుంచి ఒక కబురు వస్తే దాన్ని లోపలికి చేరవేసేవి అవి. కైనేజు వెళ్లి ఇంకో ప్రోటీనుకు ఫాస్ఫేటు తగిలిస్తే అది పనిలోకి దిగుతుంది. పని అయ్యాక మరో ఎంజైము వచ్చి ఆ ఫాస్ఫేటు ఊడదీస్తుంది. మేడమ్ గోడ మీది స్విచ్చి చూపించి చెప్పేది: "వెయ్యడం తప్పు కాదు పాపా. ఆపేవాళ్లు లేకపోతేనే కొంప మునిగేది." ఆగకుండా ఏళ్ల తరబడి వెలుగుతూ ఉండే స్విచ్చి కీళ్లను తినేస్తుంది, మెదడులో కణాలను తినేస్తుంది. కొన్ని కుటుంబాల్లో పార్కిన్సన్స్‌కు మూలం అలా అదుపు తప్పిన ఒక కైనేజేనట. అందరిలోనూ అదేనా అంటే, తెలియదని ఒప్పుకునేది. ఏటా క్లాసులో ఇంకో మాట కూడా చెప్పేది. ఈ జబ్బులో చెయ్యి వణకడం చాలా ఆలస్యంగా వస్తుంది, అంతకు ఎన్నో ఏళ్ల ముందే చాలామందికి వాసన పోతుంది, కొందరికి చేతిరాత చిన్నదవుతుంది అని. మేమంతా రాసుకునేవాళ్లం.

మా ల్యాబులో కుళ్లిన గుడ్ల కంపు కొట్టే మందొకటి ఉండేది. మొదటిసారి ఆ సీసా మూత తీసిన రోజు నేను బయటికి పరుగెత్తి కక్కుకున్నాను. మేడమ్ మాత్రం దాన్ని పన్నీటి బుడ్డిలా పట్టుకుని తిరిగేది. ఎన్నేళ్లు పనిచేస్తే అంత గట్టి ముక్కు వస్తుందని మాలో మాకు లెక్క. మేడమ్‌ది అందరికంటే సీనియర్ ముక్కు అని వేళాకోళం చేసేవాళ్లం. గోరంత ట్యూబు మూత మీద పేరు, తేదీ అన్నీ ఇమిడిపోయేలా ఆమె రాసే సన్నటి అక్షరాలంటే మాకు అసూయ. పాఠం మా నోటు పుస్తకాల్లో ఉంది, మనిషి మా కళ్ల ముందు ఉంది. రెంటినీ కలిపి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఒకరోజు సెంట్రిఫ్యూజు తిరుగుతుండగా వెనక పేజీలు తిరగేశాను. మొదట్లో ఆమె రాసిచ్చిన 'అ' రెండు గీతల నిండా ఉంది. చివరికొచ్చేసరికి ఆవగింజంత. మేడమ్ అక్షరాలు ట్యూబు మూతలకు అలవాటు పడిపోయాయని నవ్వుతూ చూపించాను. ఆమె పుస్తకం తీసుకుని చివరినుంచి మొదటికి ఒక్కో పేజీ తిప్పింది. తర్వాత ఆ కంపు సీసా మూత తీసి తన ముక్కు దగ్గర పట్టమంది. నేను ఒక చేత్తో చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో పట్టాను. గట్టిగా పీల్చింది.

"నీకొస్తా ఉందా?"

"వస్తోంది మేడమ్."

"పన్నెండేళ్లుగా ఈ పాఠం చెప్తా ఉండా," అంది. "నా మొహానే ఉండింది గదే, చూసుకోలేదే."

ఆమె వెళ్లిన మొదటి డాక్టరు రెండు నిమిషాలు చూసి, ఈ వయసు ఆడవాళ్లకు టెన్షన్ మామూలే అన్నాడట. బయట బెంచీ మీద కూర్చున్న నాతో, "నేను కైనేజు గురించి అడిగితే ఆయన నాకు పెళ్లయిందా అని అడిగినాడు," అంది. నాకు ఇప్పటికీ ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాలనిపిస్తుంది. జబ్బు పేరు ఇంకో డాక్టరు నోట వినడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ముందే తెలిస్తే ఆపగలిగేవారా అని అడుగుతారు జనం. ఆపే మందు లేదు, నాకూ తెలుసు. కానీ మెట్లకు పక్కన కమ్మీ వేయించుకునేది కదా. అంతమాత్రానికి కూడా మేం ఆమెకు అవకాశం ఇవ్వలేదు. ఆ మరుసటి ఏడు అదే పాఠం వచ్చినప్పుడు వణికే చేతిని బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టి, చూసి రాసుకోండి అంది. ఆమె పోయి మూడేళ్లయింది.

నిన్న రాత్రి అన్నాలయ్యాక పాలచీటీ వెనక నాయన చేత పేరు రాయించాను. అక్షరాలు మామూలుగానే ఉన్నాయి. ఇది పెయింటు వల్లే కావచ్చు, వయసు వల్లే కావచ్చు, ఏమీ కాకపోనూవచ్చు. అయినా నరాల డాక్టరు దగ్గర గురువారానికి టోకెను తీసుకున్నాను. మా ఆయన గోరంత దాన్ని కొండంత చేస్తున్నావన్నాడు. నాయన పాలచీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పిల్లోళ్లకి మాత్రం చెప్పొద్దమ్మా," అన్నాడు. "తాతకి ఏమీ తెలీదనుకుంటారు. ఇంక నా మాట వినరు."

ఆ మాటకు మాత్రం కోపం రాలేదు. అయినా మాటివ్వలేదు.

ఈ ఉదయం పిల్లలకు జడలు వేస్తూ, నాయన ఎదురుగా కూర్చుని ఉండగానే, ఆయనకు వినబడేలాగే చెప్పాను.

"తాత ముక్కుకి వాసన తెలీట్లేదు. ఎందుకో డాక్టర్ చూస్తారు. మీకు గ్యాస్ వాసన వస్తే, తాత లేదన్నా వినొద్దు, నేను లేదన్నా వినొద్దు. తాత చెయ్యి పట్టుకొని బయిటికి తోడుకొని రండి."