పసుపు పూసిన మోటారు పడవ

బస్తర్ సంస్థానం రోజుల్లో, అవతలి ఒడ్డుకు పోయే దోనె కోసం శబరి ఒడ్డున కోంట రేవులో కూర్చున్నాను. నా పక్కన కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మోటారు పడవ బేరం పెట్టాడు. మఖమలు కుర్చీలు, ఇత్తడి కమ్మీలు. చూస్తే పెళ్లి పల్లకీలా ఉంది. కోంట శావుకారు ఒకాయన పొలం అమ్మి దాన్ని కొనబోతున్నాడు. క్యాంపులకొచ్చే దొరలను శబరిలో తిప్పాలని ఆయన ఆశ.

పడవను సగం ఇసుక మీదికి లాగి పెట్టారు. కొత్త పడవ ముక్కుకు పసుపు, బొట్లు మామూలే. ఈ పడవకు మాత్రం పసుపు ఒక పక్క పలకల కిందిదాకా మందంగా మెత్తి ఉంది. నాకు అనుమానం వచ్చింది.

"ఆ పసుపు కడిగి చూపించండి" అన్నాను.

"అపచారమండీ! గంగమ్మకు పూసింది కడుగుతామా?" అన్నాడు పెద్దమనిషి.

నా నాస్తికత్వం తెలిసిన శావుకారు నన్నే కసిరాడు. "దేవుడు లేడనేటోనివి, మా పసుపుతోని నీకేంది సారూ?"

"సరే, గంగమ్మే కాపాడుతుంది కదా. ముగ్గురం ఇందులోనే అవతలికి పోదాం."

"మా డ్రైవరు తీసుకెళ్తాడు, మీరు పదండి. నేను వెనకాలే వస్తాను" అంటూ ఆ పెద్దమనిషి చెప్పులు చేతబట్టుకుని, అప్పుడే వచ్చిన పాత దోనె ఎక్కాడు.

శావుకారు ఆ దోనె వంక చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత "తప్పైతే కాయి తల్లీ" అంటూ పలకల మీద దోసిళ్లతో నీళ్లు కొట్టాడు. పసుపు కింద గుగ్గిలం కూరిన పొడవాటి పగులు బయటపడింది.

"త్వరగా పోనివ్వవయ్యా" అని దోనెలోంచి పెద్దమనిషి గొంతు వినిపించింది.

ఇప్పటికీ అమ్మకానికి పెట్టిన వస్తువు మీద బొట్టు కనిపిస్తే, నా చెయ్యి నీళ్ల చెంబు కోసం వెతుకుతుంది.