మెదక్‌లో ఏటీవీ ముందు చక్రాలు వెడల్పు చేయించిన రోజు

ఏటీవీ మీద, అంటే హ్యాండిలుండే నాలుగు లావు చక్రాల బండి మీద, గుట్టల బాటలు తిరగాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నిజం చెప్పాలంటే, రాయకపోతే నాకు మనసు కుదుటపడేట్టు లేదు. మా బండి నగరం బయటి రిసార్టువాళ్లు అమ్మేసిన పాత సరుకు. నేనూ, మెదక్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేసే దానియేలన్నా కలిసి కొన్నాం. పోయిన వానాకాలం ఎల్దుర్తి దాటాక ఒక బండల గుట్ట ఏటవాలుగా దిగుతుంటే అది ఒక రాతిని గుద్దుకుని పక్కకు బోల్తా పడింది. నడుపుతున్నది ఆయన, వెనక కూర్చున్నది నేను. ఆయనకు మోచేయి గీరుకుపోయింది, నాకు భుజం ఎముక విరిగింది. "బండి ముందర సన్నగున్నది తమ్మీ, గందుకే తిరగవడ్డది. చెరో పక్క రెండంగుళాలు వెడల్పు చేపిస్తే గోడలెక్క నిలవడ్తది" అన్నాడు. నేనూ అదే నమ్మాను. భుజం అతుక్కున్నాక ముందు చక్రాలు వెడల్పు చేయించి, మళ్లీ అదే గుట్ట దిగాలని ఇద్దరం పంతం పట్టాం. ఆ పంతం ఆయనకే ఎక్కువ. వారమంతా రాగి తీగల మధ్య కూర్చునే యాభై ఏళ్ల మనిషి, ఆదివారం చర్చి నుంచి రాగానే బండెక్కకపోతే బతికినట్టే ఉండదనేవాడు.

నేనుండే బాలానగర్ నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ దాదాపు తొంభై కిలోమీటర్లు. మామూలుగా రెండున్నర గంటల ప్రయాణం. మేం బయల్దేరింది మాత్రం బంద్ రోజు. తెలంగాణ ఉద్యమం ఊపుమీదుంది, బస్సులు డిపోలు దాటడం లేదు. బంద్ అయితే అక్కడ వెల్డింగ్ చేసే మల్లేశం షెడ్డుకు రిపేరుకని ట్రాక్టర్లు రావు, ఆ పూట ఆయన చేతులు మనకే ఖాళీగా ఉంటాయని దానియేలన్న ఫోన్లో పట్టుబట్టాడు. ఏటీవీని ట్రాలీ ఆటో మీదికెక్కించి తాళ్లతో కట్టేసరికి ఏడయింది. డ్రైవర్ నర్సింలు, బంద్ కాబట్టి కిరాయి రెండింతలన్నాడు. బేరమాడే ఓపిక లేక సరేనన్నాను.

నర్సాపూర్ అడవి దాకా రోడ్డు మాదే. కౌడిపల్లి దగ్గర మాత్రం ఆగిపోయాం. రోడ్డుకు అడ్డంగా మూడేసి రాళ్ల పొయ్యిలు పెట్టి ఉద్యమంవాళ్లు వంటావార్పు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి, గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. "తినకుండ పోనియ్యరు సార్, దిగుండ్రి" అని నర్సింలు ఇంజన్ ఆపేశాడు. పప్పు వడ్డిస్తున్న పెద్దమ్మ మా బండిని ఎగాదిగా చూసి, "గీ బొమ్మబండి ఏంది బిడ్డా? పెద్దోళ్లు కూడ ఆడుకుంటరా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పని తొందరుందంటే, "తెలంగాణ వచ్చినంక ఇంట్ల పెడ్తం, ఇయ్యాల్టికి రోడ్డు మీదనే తిను" అని ఇంకో గరిటె వేసింది. పచ్చిపులుసు బాగుంది. కానీ అక్కడే రెండు గంటలు పోయాయి, ఆ ఆలస్యమే తర్వాత మమ్మల్ని పరుగులు పెట్టించింది.

మెదక్ చేరేసరికి పదకొండున్నర దాటింది. చర్చి గోపురం కనిపించాక ఎడమకు తిరిగి ఊరి చివరికి వెళ్తే, పొలాల పక్కన మల్లేశం రేకుల షెడ్డు. దానియేలన్న పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు. నన్ను చూసి పెళ్లికొడుకులా నవ్వాడు. మల్లేశం మాత్రం చిరాకుగా ఉన్నాడు. "గింత లేటైతే ఎట్ల సారు? త్రీఫేజ్ కరెంటు రెండింటికి పోతది. పోయిందంటే మళ్ల రేపే." ఆయన లైను పొలాల మోటార్లది. ఆ కరెంటు ఉన్నంతసేపే వెల్డింగ్.

పని ఇలా సాగింది. మాది ముందు చక్రాలకు ఇంజన్ పట్టు లేని బండి కాబట్టి ఇరుసుల తంటా లేదు. ఛాసిస్‌ను చక్రానికి కలిపే ఆర్మ్‌లను మధ్యలో కోసి, లోపల మందపాటి పైపు దూర్చి, రెండంగుళాలు సాగదీసి అతకాలి. హ్యాండిల్‌తోపాటు చక్రాన్ని తిప్పే కడ్డీ, స్టీరింగ్ టై రాడ్‌ను కూడా అంతే పెంచాలి, లేకపోతే చక్రాలు లోపలికి తిరిగిపోతాయి. ఆర్మ్ పొడుగైతే షాకప్ మీద బరువు పెరిగి బండి ముందు భాగం కిందికి దిగుతుంది కాబట్టి స్ప్రింగ్ బిగించుకోవాలి. ఎడమ పక్క పూర్తయ్యేసరికి ఒంటిగంట. జాకీ దించి, మనిషి కూర్చుంటే బండి ఎంత దిగుతుందో చూడాలన్నాడు మల్లేశం. దానియేలన్న హవాయి చెప్పులతోనే ఎక్కి కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, "నిలవడ్డది తమ్మీ! చూడు, నిలవడ్డది!" అని అరిచాడు. అంత సంతోషం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

ఆయన దిగేలోపే మల్లేశం కుడి పక్క మొదలుపెట్టేశాడు. కరెంటు తొందర. ఆర్మ్ లోపల దూర్చే పైపును గ్యాస్‌తో కోస్తే, కాలుతున్న ముక్క నేల మీద పడింది. మామూలుగా అయితే దాన్ని పట్కారుతో తీసి నీళ్ల డబ్బాలో వేస్తాడు, అప్పుడు వేయలేదు. దానియేలన్న దిగి, కొలత చూద్దామని ఇటు పక్కకు వచ్చి నిలబడ్డాడు. ముందు నాకు వాసన వచ్చింది. రబ్బరు కాలుతుందేమో అనుకున్నాను. మల్లేశం గ్యాస్ ఆపి గావుకేక పెట్టాడు. "అన్నా, కాలు! కాలు తియ్యి!"

"ఏంది?" అని దానియేలన్న వెనక్కి తిరిగి చూశాడు. కుడికాలి చెప్పు బండి ఫుట్‌రెస్ట్ దగ్గరే జారిపడి ఉంది. ఉత్త పాదం ఆ పైపు ముక్క మీద ఉంది. ఆయన మొహంలో నొప్పి లేదు. కిందికి చూసుకున్నాకే మొహం మారింది, అది కూడా నొప్పితో కాదు, భయంతో.

నీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి, నర్సింలు ట్రాలీ ఆటోలోనే దవాఖానకు తీసుకెళ్లాం. మల్లేశం దారంతా, "నాదే తప్పన్నా, నీళ్లల్ల ఎయ్యాల్సింది" అంటూనే ఉన్నాడు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ గాయం కడిగి, దానియేలన్నను పక్కకు చూడమని, ఎడమ పాదం వేళ్ల మీద సూదితో ఒక్కొక్కటిగా గుచ్చింది. ఆ పాదానికి గాయమే లేదు.

"గుచ్చినప్పుడు చెప్పండి" అంది.

"చెప్తనమ్మా. గుచ్చుండ్రి" అన్నాడు ఆయన. అప్పటికే ఐదు వేళ్లూ అయిపోయాయి.

షుగర్ ఉన్నట్టు ఎన్నాళ్ల నుంచి తెలుసని ఆమె అడిగితే, ఐదారేళ్లని చెప్పాడు. గోలీలు? అప్పుడప్పుడు. కాళ్లు మొద్దుబారడం? ఆయన ఎడమ పాదాన్ని మెల్లగా దగ్గరికి లాక్కున్నాడు. ఆమె బయటికి వెళ్లాక మంచం అంచున కూర్చుని నేను అడిగాను.

"అన్నా, కాళ్లు ఎప్పట్నుంచి ఇట్లా ఉన్నాయి?"

"పోయిన ఎండాకాలం సంది. చెప్పు జారితె తెల్వకపోతుండె."

"మరి ఆ రోజు గుట్ట దిగేటప్పుడు?" వాలులో ముందు బ్రేకు పడితే బండి జారుతుందని మేమెప్పుడూ కాలిబ్రేకే వాడతాం.

గోడవైపు తిరిగాడు. "నొక్కిన అనుకున్న తమ్మీ. దేవుని తోడు, నొక్కిన అనుకున్న. బండి ఆగలే. పడ్డంక చూస్తె నా కాలు బ్రేకు మీద లేదు." గొంతు తగ్గించి అన్నాడు. "చెప్తె నువ్వు నన్ను బండెక్కనియ్యవని..."

నాకు కోపం ముంచుకొచ్చింది. విరిగిన భుజం నాది, మందులు మింగిన మూడు నెలలూ నావి. ఆయన పాదానికి చుట్టిన తెల్లగుడ్డ చూశాక ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఏడుపొచ్చింది.

తర్వాత ఆయనకు పుండు మానక, కుడిపాదంలో రెండు వేళ్లు తీసేశారు. కుడి పక్క పని మల్లేశం మర్నాడే పూర్తి చేశాడు, పైసలు తీసుకోనంటే బలవంతంగా జేబులో పెట్టాను. బండి ఇప్పుడు నిజంగానే బాగా నిలబడుతోంది. ఒంటరిగా ఆ గుట్ట మూడుసార్లు దిగాను, ఒక్కసారి కూడా ఒరగలేదు. వెడల్పు చేయించకముందు కూడా, బ్రేకు పడి ఉంటే, ఒరిగేది కాదేమో. మనిషిలో ఉన్న జబ్బును ఒప్పుకోలేక ఇనుములో వెతికాం, ఇనుము పాపం ఎంత కోస్తే అంత కోయించుకుంది. దానియేలన్న ఫోన్ చేసినప్పుడల్లా ముందు బండి గురించే అడుగుతాడు, తర్వాతే నా గురించి.

మీరూ ముందు చక్రాలు వెడల్పు చేయించాలనుకుంటే, బ్రేకు గొట్టం కొత్త పొడవుకు సరిపోతుందో లేదో చూసుకోండి. అంతకంటే ముందు, నడిపే మనిషిని కళ్లు మూసుకోమని, పాదాల వేళ్లు ఒక్కొక్కటిగా తాకి ఏ వేలో చెప్పమనండి. చెప్పలేకపోతే బండి ఎక్కించకండి, ఆయన ఎంత బతిమాలినా సరే.