సత్తియ్యకు పన్నెండో ర్యాంకు

చిన్నప్పుడు ఆదివారం ప్రార్థన జరుగుతుంటే చర్చి బెంచీని జానలతో కొలిచి వాళ్లమ్మ చేత మొట్టికాయలు తిన్న పిల్ల రోజలిన్. పెద్దయి ఫిజియోథెరపిస్టు అయినా ఆ పిచ్చి వదల్లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే పన్నెండుమంది కళాసీలకు ఆరు వారాలు నడుము కసరత్తులు నేర్పింది. వంగితే వేళ్లు నేలకి ఎంత ఎత్తులో ఆగుతున్నాయో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి టేపు పెట్టి కొలిచింది. మేలు జరిగిందని లెక్క తేలితేనే ఇకముందు క్లాసు ఉంటుందని ఆస్పత్రి పెద్దడాక్టరు తెగేసి చెప్పారు.

లెక్క తేలలేదు. యార్డు అరుగు మీద కూర్చుని, ముందు కొలతలన్నీ ఒక గుంపు, తరవాతవన్నీ ఒక గుంపు చేసి పోల్చింది. తేడా లేదు పొమ్మంది ల్యాప్‌టాప్. రోజలిన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"అందరివీ కలిపేసేవేటమ్మా?" వెనక నుంచి తొంగిచూసిన కళాసీ సత్తియ్య అన్నాడు. "ఇక్కడ ఏ రైతు దిమ్మలు ఆ రైతు లాటులోనే పెడతాం. నా నడుముని నానాజీ నడుముతో పోలుత్తావేటి? ఆడు పుట్టినకాడి నించీ రబ్బరు. నన్ను నాతోనే సూడు!"

రోజలిన్ తన తల మీద తనే మొట్టుకుంది. ఎవరి పాత కొలతలోంచి వాళ్ల కొత్త కొలత తీసేసింది. పదకొండుమందికి రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. సత్తియ్యకు ఏకంగా ఇరవై ఆరు! ఇంటిదగ్గర బెల్లంముక్క నేలమీద పెట్టి, వంగి తీస్తే గాని టీ తాగలేదట మహానుభావుడు. ఆ ఒక్క అంకే సగటుని తనవైపు లాగేస్తుంది. అందుకని సగటు మీద నడిచే టి-పరీక్షను పక్కన పెట్టి, తేడాలకు ర్యాంకులిచ్చే విల్కాక్సన్ పరీక్ష చేసింది. పన్నెండుమందీ ఒకే వైపు, తగ్గిన వైపే! ఇది ఊరికే జరిగింది కాదని ల్యాప్‌టాప్ ఒప్పుకుంది. పెద్దడాక్టరు సంతకం పెట్టేశారు.

ఆ ఆనందంలో రోజలిన్ యార్డుకి పరుగెత్తుకొచ్చి ర్యాంకులు చదివేసింది. అందరికన్నా తక్కువ, రెండే సెంటీమీటర్లు తగ్గిన నానాజీకి ఒకటి. సత్తియ్యకు పన్నెండు.

సత్తియ్య మొహం మాడిపోయింది. "ఇరవై ఆరు తగ్గిత్తే నాకు ఆఖరి ర్యాంకా? ఆడికి ఫస్టా?"

"ఇందులో పన్నెండే పెద్దది బాబాయ్!"

"అయితే క్లాసుందా?"

"ఉంది!"

ఆఖరి కొలతలో వేళ్లు నేలకి ఇంకా రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఆగిపోయిన సత్తియ్య, గబగబా నానాజీ ముందుకొచ్చి వంగి వేళ్లు నేలకి ఆనించేశాడు. రోజలిన్ అలవాటు కొద్దీ టేపు తీసింది. కొలవడానికి ఏమీ మిగల్లేదు.