బొట్టు తుడిచిన నెగెటివ్

మీరు తీసిన ఫోటోల్లో మీకు బాగా నచ్చినవేవి అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగిన ప్రతివాడికీ మూడు చూపించి పంపిస్తాను. ఒకటి కురవి జాతరలో తీసింది, బండి నీడలో ఎడ్ల కాళ్ల పక్కనే కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్న ముసలాయన. రెండోది మహదేవపూర్ దగ్గర గోదావరి దాటుతున్న పడవ. అందులో కొత్త పెళ్లికూతురు మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని బెంబేలెత్తి చూస్తుంటుంది. మూడోది మహబూబాబాద్ స్టేషన్లో రైలు తప్పిపోయి పడీపడీ నవ్వుకుంటున్న ఇద్దరు కానిస్టేబుళ్లు. చూసినవాళ్లు ఆహా అంటారు, చాయ్ తాగి వెళ్లిపోతారు.

నాకు నిజంగా ప్రాణమైన ఫోటో వాటిలో లేదు. దాన్ని నా చేతులతో నేనే నాశనం చేశాను.

అరవై తొమ్మిది ఎండాకాలం. తెలంగాణ కోసం ఊళ్లన్నీ అట్టుడుకుతున్నాయి. జనగామలో స్టేషన్ దారిలో నా స్టూడియో. వారంలో నాలుగు రోజులు బంద్. తలుపు సగం తెరిచి ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి. ఊళ్లు తిరిగి నాటకాలాడే కంపెనీ ఒకటి బస్సులు లేక మా దగ్గర చిక్కుబడిపోయింది. అందులో ఆడవేషాలు కట్టేవాళ్లు ఇద్దరు, ఇద్దరూ మగవాళ్లే. కరపత్రం కోసం ఇద్దరినీ అమ్మవారి వేషంలో తీయమన్నాడు కంపెనీ పెద్ద. కిరీటం, చీర ఒక్కొక్కటే ఉంటే ఒకరి తర్వాత ఒకరు కట్టుకున్నారు.

ఆ ఇద్దరిలో ఒకాయన మా ఊరివాడే, కంపెనీ ఇటు వచ్చినప్పుడల్లా వాళ్లతో కలుస్తాడు. పగలు పత్తిమిల్లులో బస్తాలు మోస్తాడు, నాటకం ఉన్న రోజు దేవత అవుతాడు. మిట్టమధ్యాహ్నం, రేకుల కింద ఉడుకు. కిరీటం బరువుకు మెడ లాగుతున్నా ఆ నొప్పి పైకి కనబడకుండా ఆపుకుంటూ నా వైపు చూశాడు. దేవతలు ఉంటే గింటే ఇట్లాగే విసిగిపోయి ఉంటారనిపించింది. కదలొద్దని చెప్పి బటన్ నొక్కాను. కడిగి చూసుకున్నాక, అబ్బ, ఈ ఒక్కదానితో నా జన్మ ధన్యమైందిరా అని ఒక్కణ్ణే పైకి అనుకున్నాను. ఇద్దరివీ ఒక్కో కాపీ కంపెనీ పెద్ద పట్టుకెళ్లాడు. నెగెటివ్‌లు నా దగ్గర ఉండిపోయాయి. బంద్‌లవల్ల ఆ కరపత్రం అచ్చు కానేలేదు.

తర్వాత కొన్నాళ్లకు లారీ దొరికిందని కంపెనీ మొత్తం మహబూబాబాద్ బయలుదేరింది. మరిపెడ దాటాక లారీ బోల్తా కొట్టింది. పోయినవాడు ఆయన ఒక్కడే. బస్సుల్లేవు, కబురు చేరడానికే నాలుగు రోజులు పట్టింది. ఎండకు శవం ఆగదని అక్కడే కాలబెట్టేశారు. భార్యకు ఐదో నెల.

మరో రెండు రోజులకు ఆమె నా స్టూడియోకు ఒక్కతే వచ్చింది. ఏడుపు అయిపోయిన గొంతుతో నిలబడే మాట్లాడింది.

"ఆఖరికి మొఖం గూడ సూడలే సారూ. ఆయన ఫోటువ నీ దగ్గర్నే ఉన్నదట గద. నా బొట్టు పదకొండోనాడు తుడుస్తరు. ఆయన బొట్టు నువ్వు తుడువు. గా ముక్కుపుల్ల, కిరీటం తీసెయ్యి. ఉత్త మొఖం ఇయ్యి సాలు, కడుపులున్నదానికి సూపెట్టుకుంట."

ఫోటో అంటే ఆమెకు ముఖం లాంటిదే. తడిగుడ్డతో తుడిస్తే కింద మనిషి ఉంటాడనుకుంది. ఆమె అట్లా అనుకోవడంలో తప్పేముంది? తప్పు నాది. కుదరదమ్మా, వేషంతోనే ఉంచుకో అనాల్సింది. కానీ టచింగ్‌లో నా అంతవాడు హనుమకొండలో కూడా లేడని నాకు పొగరు. మచ్చలు తీసేవాణ్ణి, మెల్లకన్ను సరిచేసేవాణ్ణి, మూసిన కళ్లు తెరిపించేవాణ్ణి. మూడు రోజుల్లో ఇస్తా పో అమ్మా అన్నాను.

నెగెటివ్‌లో అంతా తారుమారు. నల్లది తెల్లగా, తెల్లది నల్లగా ఉంటుంది. బొట్టు, కాటుక పెన్సిలుతో పూడ్చాలి. తళతళలాడే కిరీటాన్ని, ముక్కుపుల్లను బ్లేడు మొనతో గీకాలి. గీకింది మళ్లీ రాదు. అందుకే ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే బ్లేడు ముట్టుకోవాలి. పని నేర్చుకున్న మొదటి వారంలోనే నేర్పిన సంగతి అది. బంద్‌లవల్ల కాగితం దొరకడం లేదు, ఉన్న నాలుగు ముక్కలూ పాడుచేయడం ఎందుకని నేను కాపీ తీయలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ముక్కుపుల్ల తీస్తే ముక్కు చెక్కుకుపోయింది. దాన్ని సరిచేయబోతే పెదవి మీదికి వచ్చింది. కాటుక పూడ్చేసరికి రెప్పలు పోయాయి. కిరీటం తీసిన చోట జుట్టు నేనే గీశాను, దానికి పాపిట కూడా తీశాను. మూడో రోజు కాగితం మీద చూస్తే ఎవడో గుమాస్తా నన్ను చూస్తున్నాడు.

ఆమె వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. "గీయన ఎవలు సారూ?" అంది.

తనే సముదాయించుకుని, పోనీ అమ్మవారి వేషంలో ఉన్నదే ఇయ్యమంది, అదైనా ఆయనే గదా అంది. దాన్నే గీకేశానమ్మా, నా దగ్గర ఇంకోటి లేదు అని చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ కాపీని బల్ల మీద బోర్లా పెట్టి వెళ్లిపోయింది. నేను తలుపేసుకుని, బుగ్గలు రెండూ వాచేలా కొట్టుకుని ఏడ్చాను.

అక్కణ్ణుంచి కంపెనీ పెద్ద పట్టుకెళ్లిన కాపీ కోసం తిరగడమే నా బతుకైంది. పెళ్లి ఫోటోలకని ఏ ఊరు వెళ్లినా ముందు దాని సంగతే అడిగేవాణ్ణి. ఈయనకు పిచ్చి పట్టిందని మా ఇంట్లోవాళ్లు అన్నారు, పట్టింది కూడా. మహబూబాబాద్‌లో కంపెనీ పెద్ద ఇల్లు దొరికేసరికి ఆయన పోయాడు. ఫోటోలు మద్దెల వాయించేవాడు తీసుకుపోయాడన్నారు. ఆ మద్దెలాయన భూపాలపల్లి వైపు కూలికి వెళ్లాడని తెలియడానికి ఇంకొన్నేళ్లు. వెతకడం మొదలెట్టిన పన్నెండో ఏట, మహదేవపూర్ దారిలో ఒక పల్లెలో ఆయన గుడిసె దొరికింది. ఆయనా లేడు. భార్య ఉంది, ముసలామె.

ఫోటో గోడకే ఉంది, దీపం ముందు. ఏళ్ల తరబడి ఆమె దానికి పూజ చేస్తోంది. అద్దం లేదు. శుక్రవారం శుక్రవారం నూనెలో తడిపిన కుంకుమ, పసుపు ఆ కాగితం మీదే అద్దింది. కిరీటం ఉంది, చేతులున్నాయి. ముఖం ఉండాల్సిన చోట వేలిమందం కుంకుమ. మొదట రెండు ఫోటోలుండేవట, ఒకదాన్ని చెదలు తిన్నాయట. మిగిలింది ఆయనదా, రెండో అతనిదా? అదే కిరీటం, అదే చీర.

తడిపిన దూదితో కొంచెం తుడుచుకుంటానని బతిమాలాను. "మా తల్లి బొట్టు తుడుస్తవా? నేను బతికుండంగనా?" అని ఆమె అడ్డంగా నిలబడింది. కాళ్లమీద పడ్డాను. చివరికి దూరం నుంచి ఫోటో తీయనిచ్చింది. పైపూత అయితే ఎరుపును కనబడకుండా చేసే ఎర్ర ఫిల్టర్ పెట్టి లొంగదీసేవాణ్ణి. ఆ మందానికి నా ఫిల్టర్ ఏం చేస్తుంది? కడిగి చూస్తే కిరీటం కింద మసకమరక, ఒక చెంప అంచు.

అయినా మా ఊరికి తెచ్చి, ఉత్త మొఖం అడిగిన ఆమె ఇంటికే పట్టుకుని వెళ్లాను. ఆమె మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ఎట్లా దొరికిందో చెప్పి చేతికిచ్చాను. చెదలు తిన్న రెండో ఫోటో సంగతి కూడా చెప్పాలనే నోరు తెరిచాను. ఆమె అంతలోనే మెల్లగా అంది.

"నాకు ఆయన మొఖం యాదికొస్తలేదు సారూ. శానేండ్లాయె. ఫోటువ దించినోనివి నువ్వే. ఆయననేనా?"

ఆయనే అన్నాను.

కూతురు బడి సంచీ దించి, తల్లి చేతిలోంచి ఫోటో లాక్కుంది. దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. తల్లిని అడగలేదు, నన్నే అడిగింది.

"మా నాయిన నవ్వుతున్నడా సారూ, గిండ్ల?"

"నవ్వుతున్నడు బిడ్డా" అన్నాను.

వాళ్లమ్మ నావైపు చూడకుండా, గోడకు కొట్టడానికి మేకు వెతకసాగింది.