పిల్లి వెంట్రుకల దారం

మనవరాలి మోచేతికి గంధకం మలాం రాస్తుంటే ఆ ఘాటు ముక్కుకు తగిలి ఒళ్ళు జలదరించింది. నవ్వితే నవ్వండి, ఆ వాసనకి నాకు కొల్లేటి లంకలో చూసిన పిల్లల మెడలే కళ్ళ ముందుకొస్తాయి. పంతొమ్మిదివందల ముప్ఫైల్లో ఏలూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాను. మా డాక్టరు దేవసహాయంగారు మహా మొండిమనిషి. ఆయనంటే నాకు భయమూ, ప్రాణమూ.

ఒకరోజు ఆ లంక నుంచి మంగమ్మ అనే ఒంటరి మనిషి పిల్లిని బుట్టలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. దాన్ని ముద్దుచేసిన పిల్లలందరికీ తల మీద గుండ్రటి మచ్చలు లేచి జుట్టు రాలిపోతోందట. ఆమె చేతబడి చేసిందని ఊళ్ళోవాళ్ళన్నారు. మంత్రగాడు ఆ పిల్లి వెంట్రుకలే కలిపి పేనిన నల్లదారాలు పిల్లల మెడల్లో కట్టాడు, చెడుపు వచ్చిన దారినే పోతుందని. తీరా దారం ఆనినచోటల్లా ఎర్రటి వలయాలు లేచాయి. ఇక మంగమ్మను ఊళ్ళోంచి వెళ్ళగొడతామంటున్నారు.

డాక్టరుగారూ నేనూ ఆమె వెంట వెళ్ళి పడవ దిగేసరికి పట్టపగలే లంకంతా మాటూపలుకూ లేదు. గుమ్మాల్లో పిల్లలు మెడలకు ఉరి బిగిసిన గుర్తుల్లాంటి వలయాలతో, ఏడవకుండా, మమ్మల్నే చూస్తున్నారు. డాక్టరుగారు పిల్లి వెంట్రుక పీకి, తేటపడేందుకు పొటాషు మందు చుక్కలో నానబెట్టి, వెలుతురు పడేలా మైక్రోస్కోపు అద్దాన్ని ఎండకు తిప్పి, నన్నూ చూడమన్నారు. వెంట్రుక చుట్టూ చేపగుడ్లలా సన్నటి పూసలు!

"తామరండీ ఇది, ఒకరకం బూజు. ఆ దారాలే అంటిస్తున్నాయి, తెంపెయ్యండి" అన్నారు.

"తెంపితే బిడ్డ దక్కడంటండీ!" అంటూ ఓ తల్లి కొడుకును పొదువుకుంది.

ఆయన మంగమ్మవైపు తిరిగి, "అమ్మా, అలాంటి దారమే పేని మీ చేత్తో నా మణికట్టుకు కట్టండి" అన్నారు.

"వద్దండీ బాబూ! మీకేమన్నా అయితే నన్ను బతకనిత్తారా?"

"కట్టండి."

పిల్లి వెంట్రుకలు కలిపి దారం పేని కట్టింది. డాక్టరుగారు ఆమె అరుగు మీదే మకాం పెట్టారు. పిల్లి బొచ్చు కత్తిరించి, ఆ బొచ్చు కాల్చేశాం. దానికీ గంధకం మలాం రాసి, నాకకుండా మెడకు తాటాకు పట్టీ చుట్టాం. కొన్నాళ్ళకు ఆయన మణికట్టు చుట్టూ కూడా వలయం తేలింది. అది చూసి నేను అరుగు దిగి దూరంగా జరిగాను.

"డాక్టరుగారినీ పట్టేసిందిరోయ్!" అని ఊరంతా మూగింది. ఆయన దారం తెంపి నిప్పుల్లో వేసి, మలాం డబ్బా మంగమ్మ చేతికిచ్చారు. "రోజూ మీరే రాయాలండీ" అన్నారు. రోజూ అందరూ చూస్తుండగానే రాసింది. వలయం మెల్లగా పాలిపోయి, మాయమైంది.

మర్నాడు ఆ తల్లే వచ్చింది. కొడుకు మెడలో దారం తనే తెంపి, వాణ్ణి మంగమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, "మావోడికీ రాయవే" అంది. మంగమ్మ డబ్బా మూత తియ్యలేక బావురుమంది.

నాకు భయం పోలేదండీ, ఈ వయసులోనూ పోలేదు. కానీ నలుగురూ కలిసి ఒకరిని వెలివేస్తుంటే, ఆ భయంతోనే వెళ్ళి ఆ ఒక్కరి అరుగు మీద కూర్చుంటాను.