మార్త ఒక్కతె లేచి నిలబడితే

మార్తకు కోపం రాదని మా గార్మెంట్స్‌లో అందరూ అనుకునేవాళ్ళు. సూపర్‌వైజర్ చొక్కా తెచ్చి మొహాన విసిరినా, కుట్లు విప్పుకుని మళ్ళీ కుట్టేది. పక్క మిషన్ మీద కూర్చుని నేను పళ్ళు నూరేదాన్ని. నా నోరు ఎలాంటిదో బొమ్మనహళ్ళి అంతా తెలుసు. పుల్లమ్మతో పెట్టుకోవద్దురా నాయనా అని ఆ సూపర్‌వైజరే అనేవాడు. కాబట్టి మార్త పడాల్సిన కోపం కూడా నేనే పడేదాన్ని.

మా ఇద్దరిదీ కర్నూలు వైపు. ఆదివారం ఒకే తెలుగు చర్చికి పోయేవాళ్ళం. చర్చి అంటే గోపురం, గంట అనుకోకండి. హోసూరు రోడ్డు వెనక సందులో రేకుల షెడ్డు, కింద చాపలు, అంతే. పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారు. ఇల్లిల్లూ తిరిగి ఆ సంఘాన్ని కట్టాడు, అది కాదనను. కానీ ఎవరిదైనా తప్పు దొరికిందంటే ఇక వదిలేవాడు కాడు.

1998లో మార్త కూతురు సుజాత ఒక హిందూ అబ్బాయిని గుడిలో పెళ్ళి చేసుకుంది. మార్త పోయింది. కన్నతల్లి, పోకుండా ఎట్లా ఉంటుంది? అందరూ అక్షింతలు వేస్తుంటే ఎవరో ఈమె చేతిలోనూ పోశారు. వేసింది. గుడిలో అక్షింతలు వేయడం మా సంఘంలో తప్పు. ఆ కబురు అయ్యగారి చెవిన పడింది. మరుసటి ఆదివారం సంఘం ముందు నిలబెట్టి, ఏడాది పాటు నీకు బల్ల లేదన్నాడు. నెల మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. రొట్టె ముక్కల పళ్ళెం చేతి నుంచి చేతికి పోతుంది. బల్ల తీసేసినవాళ్ళు చెప్పులు విడిచే గుమ్మం దగ్గర కూర్చుని, పళ్ళెం వస్తే తాము ముట్టకుండా పక్కవాళ్ళకు అందించాలి. మార్త అట్లాగే అందించింది. గుప్పెడు బియ్యానికి ఏడాది శిక్షా అని నేను పెద్దల మీదికి పోతే, నీకూ అదే గతి పట్టిస్తామన్నారు. నోరు మూసుకున్నాను.

ఆ ఏడాదిలోనే ఆమె మొగుడు తిరుపాలు ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాడు. అయ్యగారు ఇంటికొచ్చి ఆయనకు రొట్టె ఇచ్చాడు. నేనక్కడే ఉన్నాను. తిరుపాలు ముక్కను రెండు చేసి, సగం మార్త వైపు చాపాడు. మార్త చెయ్యి పట్టబోయింది. అయ్యగారు ఆ చేతిని వెనక్కి నెట్టేశాడు.

"నీకింకా నాలుగు నెలలుండాది మార్తమ్మా" అన్నాడు.

ఆ సగమూ తిరుపాలే మింగాడు. మూడో రోజు పోయాడు. మార్త గడువు తీరాక మళ్ళీ ముందు చాప మీదికి వచ్చి కూర్చుంది. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

2003లో సాయంత్రం వచ్చే కన్నడ పేపర్లో అయ్యగారి ఫోటో పడింది. ఏదో లాడ్జిలో పోలీసులకు దొరికాడు, వేరే చర్చి ఆమెతో. మొహానికి తువ్వాలు కప్పుకున్నా మాకు తెలియదా?

"పుల్లక్కా, మీ స్వామి పేపర్లో వచ్చినాడంటనే!" అని కటింగ్ సెక్షన్ వనజ నవ్వింది.

"నోరు మూసుకుని సుమ్నే ఉండవే! మీ స్వాములందరివీ వేస్తే పేపరు చాలదులే" అని కసిరాను. కసిరానే గానీ సిగ్గుతో చచ్చాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. లోపల సంతోషించాను. గురివింద గింజకు తన నలుపు తెలియదంటే ఇదే అని పేపరు మార్త మిషన్ మీద పరిచాను. ఆమె చూసి, "పాపం, అమ్మగారు అన్నం తిన్నిందో లేదో" అంది. అయ్యగారి భార్య సంగతి అది. పని దిగగానే క్యారియర్ కట్టుకుని పోయింది కూడా.

అయ్యగారు తప్పు ఒప్పుకున్నాడు. కొత్త పాస్టరు వచ్చాడు. దైవాశీర్వాదం ఏడాది పాటు గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. ఆ తర్వాత సంఘపెద్ద సొన్నప్ప మూడు ఆదివారాలు అడగాలి, ఈయన్ని బల్లకు చేర్చుకోవడానికి ఎవరికైనా అభ్యంతరముందా అని. ఒక్కరు లేచినా ఇంకో ఏడాది గుమ్మమే గతి. రెండు వారాలు ఎవరూ లేవలేదు. అందరి చూపూ మార్త మీదే. నువ్వే లేవచ్చు కదా అంటారేమో. నేను లేస్తే పుల్లమ్మ నోరు అంతేలే అంటారు. మార్త లేస్తే ఆ దెబ్బే వేరు.

ఆ వారమంతా ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. మిషన్ దగ్గర, టీ దగ్గర, బస్సులో అదే పాట.

"నోరు కూడా తెరవద్దు. లేచి నిలబడితే చాలు. తిరుపాలు మొహం ఒకసారి తలుచుకో."

"తలుచుకొనేకి మర్చిపోతే కదక్కా?"

"అయితే లేస్తావా?"

"తెలీదు. కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తే ఆయప్ప చెయ్యే కనపడతాది. నన్ను నెట్టిన చెయ్యి." సూదిలోకి దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పింది. ఈమెకు కోపం రాదని ఎవరన్నారో గానీ!

మూడోసారి అడిగే ఆదివారమే నెల మొదటి ఆదివారం, బల్ల రోజు. సొన్నప్ప అడిగాడు. అడిగి, మార్త వైపు చూశాడు. ఆమె చాప అంచు గట్టిగా పట్టుకుంది. నేను ఆమె తొడ మీద గిల్లాను. లేవలేదు. దైవాశీర్వాదాన్ని ముందుకు పిలిచి రొట్టె ఇచ్చారు. ఏడుస్తూ తిన్నాడు. తర్వాత పళ్ళెం మా వరసలోకి వచ్చింది. మార్త అందుకుంది. ఒక్క ముక్క కూడా ముట్టకుండా నా చేతిలో పెట్టింది.

"తీసుకోవే" అని గొణిగాను. తల అడ్డంగా ఊపింది. ఆ కోపంలో నా ముక్క నోట్లో వేసుకుని పళ్ళెం పక్కకు తోశాను.

బయటికి రాగానే విరుచుకుపడ్డాను. "పిచ్చిదానా! తప్పు చేసినోడు తినె, నువ్వు పస్తుంటివి. ఇదేం న్యాయమే?"

"ఆయప్ప తప్పు చేసింది అమ్మగారికి. ఆయమ్మే క్షమించింది. నన్ను నెట్టినేది వేరే సంగతి. ఆ కోపంతో దీనికి అడ్డం పడేది న్యాయమా అక్కా?"

"మరి నువ్వెందుకు తినలేదు?"

"ఎవరి మీదైనా కోపం పెట్టుకొని బల్ల ముట్టద్దండి అని ప్రతిసారీ చెప్తారు కదా. నాకింకా ఉండాది. వచ్చే నెలకి పోతాదేమో. పోదేమో." చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నా మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది. "నువ్వు తింటివి కదక్కా. నీకి పోయిందా?"

రొట్టె తునక ఒకటి నా పళ్ళకు అంటుకుని ఇంకా ఉంది. దాన్ని ఉమ్మలేక, మింగలేక, ఆ సందులో నిలబడిపోయాను.