లస్మయ్య కారు చప్పుడు

సాస్తి బొగ్గు గనిలో డ్రిల్లింగ్ మిషన్ మీద పనిచేసి పనిచేసి లస్మయ్య చెవులు పోయాయి. ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టల కూతలు పోయాయి, ఆ తర్వాత ఫోను రింగు, ఆ తర్వాత భార్య గొంతు. ఆమె చనిపోయేముందు ఏదో అంది. ఏమందో కూతురు పల్లవి చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెబితే గాని ఆయనకు తెలియలేదు. అప్పటికి ఆమె ప్రాణం పోయింది.

మిగిలిన చప్పుళ్లన్నీ మరుపున పడ్డా ఒకటి మాత్రం ఆయనకు బాగా గుర్తుంది. వయసులో ఉన్నప్పుడు గని మేనేజరు దగ్గర ఒక ఎర్ర కారు ఉండేది. జపాన్‌ది, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. రాజురా వైపు నుంచి వస్తూ వర్ధా వంతెన మీద ఆయన గేరు మారిస్తే, డ్యూటీకి పోతున్న లస్మయ్య ఆ చప్పుడు వింటూ సైకిలు ఆపి నిలబడేవాడు. ఆ మేనేజరు ముసలివాడై, కారును అమ్ముతున్నాడని తెలిసి లస్మయ్య వెళ్లి కొనుక్కొచ్చాడు. ఇంటి ముందు స్టార్ట్ చేశాడు. ఏమీ వినిపించలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసుకుంటే గాని ఇంజన్ నడుస్తోందని తెలియలేదు.

బాబుపేట దాటాక బల్లార్షా రోడ్డు మీద మారుతి గ్యారేజీ ఉంది. అక్కడికి తీసుకుపోయాడు.

"సైలెన్సర్ మార్చు. గాలి గుంజుకునే పైపు గూడ మార్చు. నాకు వినవడాలె," అన్నాడు, తన గొంతు తనకే వినిపించని మనిషి కాబట్టి రోడ్డంతా వినబడేలా.

మారుతి పని తెలిసినవాడే. ఇంజన్ నుంచి వెనకదాకా వెడల్పు పైపులు వెయ్యాలి, అడ్డం లేని సైలెన్సర్ పెట్టాలి, ఫిల్టర్ డబ్బా తీసేసి గాలి నేరుగా దూరేలా తెరిచిన ఫిల్టర్ బిగించాలి అని చేతులతో చూపిస్తూ, చెవిలో అరుస్తూ చెప్పాడు. సామాను నాగ్‌పూర్ నుంచి రావాలన్నాడు. అది రాలేదు. లస్మయ్య మాత్రం డ్యూటీ దిగగానే రోజూ వచ్చి గ్యారేజీ ముందు కూర్చునేవాడు.

పక్కనే చాయ్ హోటల్ నడిపే ఎల్లేష్ ఒకరోజు ఆయన ముఖంలోకే చూస్తూ, నవ్వుతూ మారుతితో అన్నాడు: "చెవిటోనికి ఏ సైలెన్సర్ పెడితే ఏందిరా? ఉన్నదానికే రంగేసి ఇయ్యి."

తనను పలకరిస్తున్నాడనుకుని లస్మయ్య కూడా నవ్వాడు.

మారుతి అదే చేశాడు. పాత సైలెన్సర్ గీకి వెండి రంగు పూశాడు. చివర చెంబు మూతంత వెడల్పు మెరిసే గొట్టం తగిలించాడు. బానెట్ కింద కొత్త ఎర్ర ఫిల్టర్ ఒకటి కట్టాడు, అది దేనికీ కలవదు. ఇంజన్‌ను పట్టి ఉంచే బోల్టులు కాస్త వదులు చేశాడు. దానితో కారంతా వణకడం మొదలుపెట్టింది.

లస్మయ్య ఎక్కి యాక్సిలరేటర్ తొక్కాడు. సీటు అదిరింది, స్టీరింగ్ అదిరింది. తల ఎత్తి చూస్తే హోటల్ ముందున్న వాళ్లందరూ రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నారు. ఎల్లేష్ సైగ చేశాడు మరి. లస్మయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వస్తున్నది," అన్నాడు. "నాకు గూడ జరంత వస్తున్నది."

ఆనాటి నుంచి అది రోజూ ఆడే ఆట అయింది. ఆయన హోటల్ దగ్గర నెమ్మదించి ఒకసారి తొక్కడం, వాళ్లు చెవులు మూసుకోవడం, ఒకడు అదిరిపోయినట్టు బెంచీ మీంచి కింద పడడం. లస్మయ్య పొట్ట పట్టుకుని నవ్వి అందరికీ చాయ్ పోయించేవాడు. ఆయన ఏం చేసినా తల తిప్పి చూసినవాళ్లు లేక ఎన్నో ఏళ్లయింది. ఇంటికి పోయేటప్పుడు మాత్రం గల్లీ మొదట్లోనే ఇంజన్ ఆపేసి, మోకాళ్లు నొప్పి పెడుతున్నా కారును ఇంటిదాకా తోసుకుంటూ పోయేవాడు. గల్లీలో పసిపిల్లలున్నారు, ఉలిక్కిపడి లేస్తారని. ఆయన అలా తోసుకుపోవడాన్ని ఎవరో ఫోన్‌లో తీసి గేదె అరుపు తగిలించి ఊరంతా పంపారు.

పల్లవి ఊళ్లోని ఒక దవాఖానాలో పనిచేస్తుంది. హోలీ అయిన వారానికి ఆమె ఒక చిన్న మిషన్ తెచ్చి తండ్రి చెవి వెనక పెట్టింది.

"బాపు, వినవడుతున్నదా?"

లస్మయ్య ఆమె వంక చూశాడు. చెవిలో అరిచే అరుపు కాకుండా ఆయన ఎరిగింది చిన్నపిల్ల గొంతు. ఇది పెద్ద ఆడమనిషి గొంతు. చాలాసేపు ఆమెను ఏదో ఒకటి మాట్లాడించాడు. తర్వాత తలకు రుమాలు చుట్టుకుని తాళం తీసుకున్నాడు.

"ఇయ్యాల వద్దు బాపు. రేపు పోదువు," అంది పల్లవి. ఆయన ఆగలేదు. ఆమె గడప దాటి రాలేదు.

స్టార్ట్ చేస్తే ముందు ఇనుము గలగలా కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. దాని వెనక ఎక్కడో కుట్టుమిషన్ లాంటి సన్నని చప్పుడు. చెవి మిషన్ సరిగ్గా లేదేమో అనుకున్నాడు. అంతలో ఒక ఆటో పోయింది. దాని మోత చెవిని కోసినట్టు వినిపించింది.

అయినా హోటల్ దగ్గరికి వెళ్లి ఎప్పటిలాగే ఒకసారి తొక్కాడు.

"వచ్చిండు చెవిటోడు. మూసుకోండ్రి," అన్నాడు ఎల్లేష్.

"ఇయ్యాల నేను పడ్త. నిన్న నువ్వు పడ్డవ్ గద," అన్నాడు బెంచీ మీది మనిషి.

లస్మయ్య దిగి, తన చోట కూర్చుని చాయ్ తాగాడు. ఎప్పటిలా అందరికీ పోయించాడు కూడా. వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంకో బోల్టు తీస్తే స్టీరింగ్ చేతికి ఊడొస్తదని మారుతి అన్నాడు. ఈయనకు వినిపించాలని అరిచీ అరిచే పెండ్లాం సచ్చిందని ఎవరో అన్నారు. దానికి మారుతి చాయ్ ఒలికేదాకా నవ్వాడు.

లస్మయ్య రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. చెవి మీది మిషన్‌ను ముందుగా ఎల్లేష్ చూశాడు. అతని చేతిలో చాయ్ జల్లెడ అలాగే ఉండిపోయింది.

"ఎప్పటిసంది ఈ ఆట?" అని అడిగాడు లస్మయ్య. ఈసారి గొంతు చిన్నగా ఉంది.

మారుతి లేచి దగ్గరికి వచ్చాడు. "కాకా, నీ ఖుషీ కోసమే గద చేసినం. నువ్వు ఎంత సంబురపడ్డవో నీకే ఎరుక."

అది నిజమే. లస్మయ్య చాయ్ డబ్బులు బెంచీ మీద పెట్టి లేచాడు.

ఇంట్లో పల్లవి అన్నం వడ్డించి కూర్చుని ఉంది.

"నీకు ఎరికేనా?" అన్నాడు.

"వీడియో చూసిన బాపు. వానకాలంల."

"చెప్పలె."

"నోరు రాలె. నువ్వు గంత సంబురంగ ఉంటే ఎట్ల చెప్పాలె?"

"అందుకని మిషన్ తోని చెప్పిచ్చినవ్."

పల్లవి ఏడ్చింది. మిషన్‌లో ఆ ఏడుపు గరగరమంటూ వచ్చింది. ఆయన దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకుని అన్నం కలుపుకున్నాడు.

మారుతి భయపడ్డాడో, సిగ్గుపడ్డాడో, సామాను తెప్పించి ఈసారి నిజంగానే బిగించాడు. పైపులు, సైలెన్సర్, ఫిల్టర్ అన్నీ అసలువే. లస్మయ్య పక్కన నిలబడి ప్రతి బోల్టూ చూసుకున్నాడు. ఇప్పుడా కారు కదిలితే బల్లార్షా రోడ్డు మీద కిటికీ అద్దాలు అదురుతాయి. హోటల్ ముందు ఎవరూ చెవులు మూసుకోరు. ఆయన వచ్చి కూర్చుంటే మాటలు ఆగిపోతాయి, కాసేపటికి ఒక్కొక్కరే లేచిపోతారు. ఎల్లేష్ చాయ్ పెట్టి లోపలికి పోతాడు. వినిపించనంతకాలం నలుగురిలో కూర్చున్న మనిషి, వినిపించడం మొదలయ్యాక ఒంటరిగా కూర్చుంటున్నాడు.

గనిలో, బస్సులో, బజారులో చెవికి మిషన్ ఉంటుంది. ఇంటి గడప దగ్గర తీసి జేబులో వేసుకుంటాడు. పల్లవి మొదట్లో మునుపటిలా చెవి దగ్గరికి వచ్చి అరవబోయేది. ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవాడు. కొన్నాళ్లకు ఆమె మానేసింది.

ఎండాకాలంలో ఆమెకు జ్వరం తగిలింది. లోపలి గదిలో పడుకుని నీళ్లు కావాలని పిలుస్తూ ఉంది. లస్మయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గోడ అవతలి రజిని ఆ పిలుపు విని, చెంబుతో నీళ్లు తీసుకుని పరుగున వచ్చింది. లోపలికి పోతూ ఆయన ముందు ఆగింది.

"బిడ్డ గప్పటిసంది పిలుస్తున్నది. వినవడ్తలేదా?"

ఆమె పెదవులు చూసి ఆయనకు మాట అర్థమైంది. జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"నాకు చెవుడు," అన్నాడు.